కొబ్బరి చిప్ప బొగ్గుతో రక్తశుద్ధి కాలమ్: ముందు ఏ విషం కోసమో తేల్చుకోండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విశాఖలో కెమికల్ ఇంజినీరింగ్ ఫైనలియర్ విద్యార్థులు ఉద్దానం నుంచి తెచ్చిన కొబ్బరి చిప్పలతో యాక్టివేటెడ్ కార్బన్ చేశారు. అయొడిన్ నంబరు (గ్రాము బొగ్గు ఎన్ని మి.గ్రా. అయొడిన్ పడుతుందో చెప్పే లెక్క) 1050 వచ్చింది. నీళ్లలో కలిపిన క్రియాటినిన్‌లో (కిడ్నీలు బయటికి పంపే ఒక వ్యర్థం) 90% గంటలో లాగేసింది. ఈ బొగ్గును కాలమ్‌లో, అంటే నిలువు గొట్టంలో నింపి రక్తం పంపిస్తే ఉద్దానం కిడ్నీ రోగులకి డయాలసిస్‌కి బదులు చవకగా పనికొస్తుందా, ఇక్కణ్ణుంచి ఏ పరీక్షలు చెయ్యాలి అని అడుగుతున్నారు.

డయాలసిస్‌కి బదులుగా పనికిరాదు. మీ బొగ్గు మంచిది కాకపోవడం వల్ల కాదు, ఏ బొగ్గయినా అంతే. కిడ్నీ పాడైన మనిషి ఒంట్లోంచి ముఖ్యంగా తియ్యాల్సినవి యూరియా, పొటాషియం, నీరు, ఆమ్లం. బొగ్గు ఈ నాలుగింటిలో దేన్నీ పట్టదు. యూరియా చాలా చిన్న అణువు, అణుభారం 60, నీళ్లంటే మహా ఇష్టం. బొగ్గు గోడకి అది అతుక్కోదు. మామూలుగా తిండి తినే మనిషికి రోజుకి 20 గ్రాముల పైనే యూరియా తయారవుతుంది. దాన్ని బొగ్గుతో తియ్యాలంటే కిలోల లెక్కన కావాలి. పొటాషియం అయాను, దాని సంగతి సరేసరి. పైగా కొబ్బరి చిప్ప బూడిదలో ఉండేదే ఎక్కువగా పొటాషియం కాబట్టి, సరిగ్గా కడగని మీ బొగ్గు రక్తంలోకి పొటాషియం వదులుతుంది కూడా.

ఇది ఇప్పుడు కొత్తగా తేలిన సంగతేం కాదు. 1964లో గ్రీసులో యాట్జిడిస్ అనే డాక్టరు పూత లేని బొగ్గు గుండా కిడ్నీ రోగుల రక్తం పంపి చూశాడు. క్రియాటినిన్, యూరిక్ ఆమ్లం, ఫీనాల్ జాతి పదార్థాలు తగ్గాయి. యూరియా, నీరు, లవణాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పూత లేని బొగ్గుతో ఇంకో రెండు తలనొప్పులు తేలాయి: ప్లేట్‌లెట్లు పడిపోవడం, బొగ్గు నుసి రక్తంలోకి పోవడం. తర్వాత కెనడాలో థామస్ చాంగ్ బొగ్గు గుళికలకి కొలోడియన్ (సెల్యులోజ్ నుంచి చేసే పొర), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) పూత వేసి ఆ రెంటినీ చాలామటుకు అదుపు చేశాడు. ఇప్పుడు ఆసుపత్రుల్లో దొరికే బొగ్గు కార్ట్రిడ్జ్‌లకి మూలం ఆ పనే.

మరి బొగ్గు నిజంగా పనికొచ్చేదెక్కడ? మందులు మోతాదు మించినప్పుడు చేసే హీమోపెర్ఫ్యూజన్‌లో, అంటే రక్తాన్ని నేరుగా బొగ్గు గుండా పంపి విషం తియ్యడంలో. అక్కడ కూడా అన్నిటికీ కాదు. చిన్న లెక్క చూడండి. నిమిషానికి 200 మి.లీ. రక్తం కార్ట్రిడ్జ్‌లోకి పంపితే, దాన్లో 70% శుద్ధి అయిందనుకుందాం. అంటే నిమిషానికి 140 మి.లీ., నాలుగు గంటల్లో సుమారు 33.6 లీటర్లు. థియోఫిలిన్ (ఉబ్బసం మందు) శరీరంలో కిలో బరువుకి అర లీటరు ద్రవంలో పరుచుకున్నట్టు లెక్క. 60 కిలోల మనిషిలో అది 30 లీటర్లు. 33.6ని 30తో భాగిస్తే 1.12. ఘాతీయ క్షయం ప్రకారం మిగిలేది 33%, అంటే మూడింట రెండొంతులు బయటికొచ్చేసినట్టే. అదే అమిట్రిప్టిలిన్ (డిప్రెషన్ మందు) అయితే కిలోకి 15 లీటర్లు వేసుకున్నా 900 లీటర్లు. అదే కాలమ్, అదే నాలుగు గంటలు, బయటికొచ్చేది 4% కూడా ఉండదు. మందంతా కణజాలంలో దాక్కుంది, రక్తంలో ఉన్నది కొసరే. గన్నేరు పప్పులోని గుండె విషాల విషయంలోనూ ఇదే కథ, అందుకే అక్కడ కాలమ్ మీద ఆశ పెట్టుకోకూడదు. మిథనాల్, లిథియం, ఇనుము అయితే బొగ్గుకి అసలు అంటవు. (ఎవరైనా విషం కేసుతో ఇది చదువుతుంటే ఇక్కడే ఆపి 108కి చెయ్యండి. ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. ఇంట్లో నూరిన పొయ్యి బొగ్గు యాక్టివేటెడ్ కార్బన్ కాదు.)

థియోఫిలిన్, ఫీనోబార్బిటాల్, కార్బమజెపిన్ లాంటివాటికి ఇవాళ మంచి హైఫ్లక్స్ డయలైజర్ (పెద్ద రంధ్రాల పొర ఉన్న డయాలసిస్ ఫిల్టరు) కూడా దాదాపు అంతే పని చేస్తుంది, కార్ట్రిడ్జ్ కంటే చవక. కాలేయం పూర్తిగా చెడిన రోగుల మీద లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రివాళ్లు నియంత్రిత పరీక్షలు చేసి 1988లో ఫలితం ప్రకటించారు: బొగ్గు పెర్ఫ్యూజన్ వల్ల ప్రాణాలు అదనంగా నిలబడలేదు. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులో "కాలేయ రోగులకు వరం" లాంటి వాక్యాలు రాయకండి.

ఇవన్నీ తీసేస్తే మీ చిప్ప బొగ్గుకి సరిపడే పని ఒకటి మిగులుతుంది, అది మీ ఉద్దానం ఆలోచనకి దూరం కూడా కాదు. కిడ్నీ రోగుల రక్తంలో ప్రోటీన్‌కి అతుక్కుని తిరిగే విషాలుంటాయి. ఇండాక్సిల్ సల్ఫేట్, పారాక్రెసిల్ సల్ఫేట్ ముఖ్యమైనవి. వీటిలో 90% పైగా ఆల్బుమిన్‌ని పట్టుకుని ఉంటాయి కాబట్టి డయాలసిస్ పొర దాటవు. ఇండాక్సిల్ సల్ఫేట్ అణుభారం 213. చిప్ప బొగ్గులో ఎక్కువగా ఉండేవి 2 నానోమీటర్ల లోపు సూక్ష్మరంధ్రాలు, ఈ అణువు వాటిలో చక్కగా దూరుతుంది. 66,500 అణుభారం ఉన్న ఆల్బుమిన్ దూరలేదు, బయటే ఉండిపోతుంది. విడిగా తిరిగే కొద్దిపాటి విషాన్ని బొగ్గు లాక్కుంటుంటే, ఆల్బుమిన్ మీదున్నది విడివడి ఆ ఖాళీలోకి వస్తుంది. సైటోకైన్‌ల (వాపు పుట్టించే ప్రోటీన్లు) లాంటి 10 వేలు, 20 వేల అణుభారం వాటికి మాత్రం మీ బొగ్గు చాలదు. వాటికి ఇంకా వెడల్పాటి రంధ్రాలు కావాలి, ఫీనాలిక్ రెసిన్ పూసల నుంచి చేసే కార్బన్ వేరే దారి. అయొడిన్ నంబరు చూసి మురిసిపోవద్దనేది ఇందుకే. అది సూక్ష్మరంధ్రాల సంగతి మాత్రమే చెబుతుంది. నైట్రోజన్ ఐసోథర్మ్ (ఏ పీడనం దగ్గర బొగ్గు ఎంత నైట్రోజన్ పడుతుందో చూపే వక్రం) తీయించి రంధ్రాల పంపిణీ చూసుకోండి.

కాబట్టి లక్ష్యం "డయాలసిస్‌కి బదులు" అని కాకుండా "డయాలసిస్‌కి తోడుగా ఇండాక్సిల్ సల్ఫేట్ తొలగింపు" అని మార్చుకోండి. ఇక ల్యాబ్ పని.

తూకంతో మొదలుపెట్టాలి. విశాఖ ఉక్కలో ఎండిన బొగ్గు కాటా మీద పెట్టిన కాసేపటికే తేమ లాగి బరువెక్కుతుంది. 110 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో మూడు గంటలు ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి, మూత ఉన్న సీసాతోనే తూచండి. అన్ని లెక్కలూ పొడి బరువు మీదే రాయండి. ఎసిటోన్, టాలుయిన్ ఉన్న అలమరాలో బొగ్గు డబ్బా పెట్టకండి, ఆ ఆవిర్లన్నీ అదే పీల్చుకుంటుంది.

జల్లెడ: 18 మెష్ దాటి 35 మెష్ మీద నిలిచింది తీసుకోండి, అంటే 1 మి.మీ. నుంచి అర మి.మీ. వరకు. ఇంతకంటే సన్నంగా ఉంటే పీడనం పెరిగి రక్తం గడ్డకడుతుంది, లావుగా ఉంటే విషం లోపలి దాకా చేరడానికి సమయం చాలదు. తర్వాత 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, డీఅయొనైజ్డ్ నీళ్లతో కడగండి. కింద నుంచి పైకి, గింజలు కొంచెం తేలేంత వేగంతో నీళ్లు వదలాలి, అప్పుడే నుసి పైనుంచి కొట్టుకుపోతుంది. బీకరులో వేసి కర్రతో కలిపితే గింజలు ఒకదానికొకటి రాసుకుని కొత్త నుసి పుడుతుంది. అల్ట్రాసౌండ్ స్నానం ఇంకా హెచ్చు.

కడగడం ఎప్పుడు ఆపాలో తేల్చడానికి మూడు పరీక్షలున్నాయి. ఒకటి, 1 గ్రాము బొగ్గుని 10 మి.లీ. సెలైన్‌లో 24 గంటలు ఉంచి పీహెచ్ చూడండి. కడగని చిప్ప బొగ్గు 9, 10 దాకా పోతుంది. ఆ క్షారానికే ఎర్రకణాలు పగులుతాయి, మీరేమో బొగ్గు గరుకుదనం వల్ల అనుకుంటారు. ఆమ్లం మిగిలిపోతే పీహెచ్ 7 కిందికి పడిపోతుంది. 7కి అటూ ఇటూగా రావాలి. రెండు, అదే సెలైన్‌లో ఫ్లేమ్ ఫోటోమీటర్‌తో పొటాషియం కొలవండి. మూడు, నుసి. కాలమ్ నింపాక ఒక లీటరు సెలైన్‌ని మీరు వాడబోయే వేగానికి ఒకటిన్నర రెట్లు వేగంతో పంపి, వచ్చినదంతా 0.45 మైక్రాన్ తెల్ల మెంబ్రేన్ మీద వడకట్టండి. బొగ్గు లేని ఖాళీ కాలమ్ నుంచి వచ్చిన మెంబ్రేన్‌ని పక్కన పెట్టి ట్యూబ్‌లైటు కింద చూస్తే బూడిద రంగు ఛాయ కంటికే తెలుస్తుంది. నింపిన కాలమ్‌ని బండి మీద పెట్టుకుని మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా వెళ్లొచ్చి మళ్లీ ఇదే పరీక్ష చెయ్యండి. మెంబ్రేన్ మళ్లీ నల్లబడితే కాలమ్‌లో గింజలు కదిలే జాగా ఉందన్నమాట, ఇంకా బిగించి నింపాలి.

కాలమ్ కొలతలు గాలిలోంచి తీయొద్దు. ఆసుపత్రి కార్ట్రిడ్జ్ నమూనాగా 300 గ్రాముల బొగ్గు, సుమారు 600 మి.లీ. పడక, నిమిషానికి 200 మి.లీ. రక్తం అనుకుంటే, పడకలో రక్తం ఉండే సమయం 3 నిమిషాలు. మీరు 5 గ్రాములతో చేస్తే పడక 10 మి.లీ., వేగం నిమిషానికి 3.3 మి.లీ. గొట్టం లోపలి వ్యాసం గింజ సైజుకి కనీసం 15 రెట్లు ఉండాలి, లేకపోతే రక్తం గోడల వెంట జారిపోయి బొగ్గుని తాకదు. 15 మి.మీ. గొట్టంలో 10 మి.లీ. అంటే ఎత్తు 5.7 సెం.మీ. రెండు చివర్లా 150 మైక్రాన్ల నైలాన్ మెష్. నిలువుగా బిగించి, కింద నుంచి పైకే పంపాలి, తట్టి గాలి బుడగలు వదిలించాలి. బుడగ ఉన్న చోట గడ్డ కడుతుంది. మొత్తం 37 డిగ్రీల నీటి స్నానంలో ఉండాలి.

విషం పట్టే పరీక్ష నీళ్లలో కాదు, ప్లాస్మాలో. మీ 90% సంఖ్య నీళ్లలో వచ్చింది. అక్కడ పోటీ లేదు. ప్లాస్మాలో కొవ్వు ఆమ్లాలు, ట్రిప్టోఫాన్, యూరిక్ ఆమ్లం అన్నీ అదే రంధ్రాల కోసం ఎగబడతాయి, ప్రోటీన్ వచ్చి గుమ్మానికి అడ్డం కూర్చుంటుంది. ఇండాక్సిల్ సల్ఫేట్ పొటాషియం లవణం కొని, లీటరుకి 30 మి.గ్రా. చొప్పున ప్లాస్మాలో కలిపి, 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి, ఆల్బుమిన్‌కి అతుక్కోవాలి. 10 మి.లీ. ప్లాస్మాకి 0.05, 0.1, 0.2, 0.5 గ్రాముల బొగ్గు, ఇంకొక గొట్టంలో బొగ్గు లేకుండా. 5, 15, 30, 60, 120, 240 నిమిషాలకి నమూనాలు. మొత్తం విషానికి ఎసిటోనైట్రైల్‌తో ప్రోటీన్ దించి హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలని విడదీసి కొలిచే మిషను), ఫ్లోరసెన్స్ డిటెక్టరు. విడిగా ఉన్నదానికి 30 వేల అణుభారం ఫిల్టరు గుండా వడకట్టి కొలవాలి.

ప్లాస్మా దొరకలేదని మందుల షాపులో 20% ఆల్బుమిన్ సీసా కొని పలుచన చేసి వాడేవాళ్లుంటారు. చెయ్యకండి. ఆ సీసాల్లో నిల్వ కోసం ఆక్టనోయేట్, ఎసిటైల్ ట్రిప్టోఫానేట్ వేస్తారు. ఇండాక్సిల్ సల్ఫేట్ కూర్చునే చోటునే అవి ముందే ఆక్రమిస్తాయి. అప్పుడు విషం విడిగా ఎక్కువ తేలుతుంది, మీ బొగ్గు అద్భుతం చేసినట్టు కనిపిస్తుంది. గడువు తీరిన ప్లాస్మా బ్యాగులని సంస్థాగత ఎథిక్స్ కమిటీ అనుమతితో బ్లడ్ బ్యాంక్ నుంచి తీసుకోవడమే సరైన పద్ధతి. కమిటీ అనుమతికి నెలలు పడుతుంది, ఆ కాగితం ఇవాళే మొదలుపెట్టండి.

ఇప్పుడు రక్తం. కబేళా నుంచి మేక రక్తం సులువుగా దొరుకుతుంది కాబట్టి చాలామంది దాంతో మొదలెడతారు. మేక ఎర్రకణాలు మనిషివాటిలో సగం వెడల్పు కూడా ఉండవు, చిన్న తేడాకే పగులుతాయి. మేక రక్తంలో చూసిన హీమోలిసిస్ (ఎర్రకణాలు పగలడం) శాతాన్ని మనుషుల ప్రమాణంతో పోల్చకూడదు. పంపు, గొట్టాలు, లీకులు సరిచూసుకోవడానికి దాన్ని వాడండి, అంతవరకే. మనిషి రక్తంతో చేసేటప్పుడు కొలమానం ఏఎస్‌టీఎం ఎఫ్ 756 అనే అంతర్జాతీయ ప్రమాణం: హీమోలిసిస్ 2% లోపు ఉంటే హాని లేనట్టు, 2 నుంచి 5 వరకు స్వల్పం, 5 దాటితే పనికిరాదు. ఇక్కడో వల ఉంది. విడుదలైన హీమోగ్లోబిన్‌లో కొంత బొగ్గు మీదే అంటుకుపోతే రీడింగు తక్కువగా వస్తుంది. తెలిసిన మోతాదు హీమోగ్లోబిన్ ద్రావణంలో మీ బొగ్గు వేసి, ఎంత మాయమవుతుందో ముందే చూసుకుని, ఆ మేరకు దిద్దుకోవాలి.

ప్లేట్‌లెట్ల పరీక్షకి గడువు తీరిన రక్తం కుదరదు, తీసి నాలుగు గంటలు దాటని రక్తం కావాలి. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ వాడితే అది కాల్షియంని కట్టేస్తుంది కాబట్టి ప్లేట్‌లెట్లు మెత్తబడి, ఫలితం నిజం కంటే బాగా కనిపిస్తుంది. దానికి బదులు మి.లీ.కి 2 నుంచి 5 యూనిట్ల హెపారిన్‌తో చెయ్యండి, బొగ్గు హెపారిన్‌ని కూడా కొంత మింగుతుందని గుర్తుంచుకోండి. 0, 30, 60, 120 నిమిషాలకి సీబీసీ, పక్కనే బొగ్గు లేని సర్క్యూట్. పంపు, గొట్టాలే కొన్ని ప్లేట్‌లెట్లని తింటాయి, ఆ నష్టం తీసేసి చెప్పాలి. రెండో వల ఇంకా ఘోరం: కౌంటరు మిషను 2 నుంచి 20 ఫెమ్టోలీటర్ల మధ్య ఉన్న దేన్నయినా ప్లేట్‌లెట్ అనే లెక్కేస్తుంది. 2, 3 మైక్రాన్ల బొగ్గు నుసి సరిగ్గా ఆ కొలతలోనే ఉంటుంది. ప్లేట్‌లెట్లు అసలు తగ్గలేదని సంబరపడే ముందు ఒక స్మియర్ (గాజు పలక మీద పరిచిన రక్తపు పొర) వేసి మైక్రోస్కోప్ కింద చూడండి. నల్ల చుక్కలుంటే జల్లెడ దగ్గరికి తిరిగి వెళ్లాలి.

గ్లూకోజ్ సంగతి కూడా. తాజా బొగ్గు రక్తంలోని గ్లూకోజ్‌ని లాగేస్తుంది. అందుకే ఆసుపత్రిలో కార్ట్రిడ్జ్‌ని ముందు 500 మి.లీ. 5% డెక్స్‌ట్రోజ్‌తో తడిపి, ఆ తర్వాత 2 లీటర్ల హెపారిన్ కలిపిన సెలైన్‌తో కడుగుతారు. మీ 5 గ్రాముల కాలమ్‌కి అరవయ్యో వంతు: సుమారు 8 మి.లీ. డెక్స్‌ట్రోజ్, 33 మి.లీ. సెలైన్. ఈ మెట్టు వదిలేస్తే మొదటి పది నిమిషాల సంఖ్యలు గందరగోళంగా వస్తాయి.

పూత గురించి. ప్లేట్‌లెట్ల నష్టం తగ్గాలంటే పూత తప్పదు, కానీ పూత మందం పెరిగేకొద్దీ విషం లోపలికి వెళ్లే వేగం పడిపోతుంది. సెల్యులోజ్ ఎసిటేట్‌ని ఎసిటోన్‌లో కరిగించి పూస్తే ఎసిటోన్ బొగ్గులో ఇరుక్కుపోతుంది. వాక్యూమ్ ఓవెన్‌లో ఎంతసేపు ఉంచినా గ్యాస్ క్రొమటోగ్రఫీతో చూస్తే కానీ పోయిందని నమ్మలేం. కొలోడియన్‌లో ఈథర్ ఉంటుంది, బర్నర్లు తిరిగే ల్యాబ్‌లో ఆ జోలికి పోకపోవడం మంచిది. వేడి నీళ్లలో కరిగే అగరోజ్‌తో మొదలుపెట్టమని నా సలహా. పూత వేసిన, వెయ్యని బొగ్గు రెంటినీ ఒకే ప్లాస్మాలో పక్కపక్కన నడిపి, 15 నిమిషాల దగ్గర తేడా ఎంతో చూపించండి. పరీక్షకులు అడిగేది సాధారణంగా అదే.

స్టెరిలైజేషన్‌కి ఎథిలీన్ ఆక్సైడ్ వద్దు. బొగ్గు ఆ వాయువుని పీల్చుకుని తర్వాత రక్తంలోకి వదులుతుంది. పూత లేని బొగ్గుకి సెలైన్‌లో తడిపి 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చాలు (అగరోజ్ పూత ఆ వేడికి కరిగిపోతుంది), అయితే అది సూక్ష్మజీవుల్ని చంపుతుంది కానీ ఎండోటాక్సిన్‌ని (బాక్టీరియా గోడల్లోంచి వచ్చే, జ్వరం తెప్పించే విషం) పోగొట్టదు. దానికి పూతకి ముందే నైట్రోజన్‌లో 250 డిగ్రీల పొడి వేడి అరగంట ఇవ్వాలి. గాలిలో అంత వేడి పెడితే బొగ్గు నివురుగప్పి కాలడం మొదలవ్వచ్చు. ఎండోటాక్సిన్ పరీక్షలోనూ చిక్కుంది: బొగ్గే దాన్ని పట్టుకుంటుంది కాబట్టి కడుగు నీళ్లలో సున్నా వచ్చినంత మాత్రాన శుభ్రమని కాదు. తెలిసినంత ఎండోటాక్సిన్ కలిపి ఎంత తిరిగొచ్చిందో చూపించాలి.

మనిషికి తగిలించే ప్రసక్తి ఈ దశలో లేనే లేదు. అది వైద్య పరికరాల నియమాలు 2017 కిందికి వచ్చే పరికరం, ఐఎస్ఓ 10993 (శరీరానికి హాని చెయ్యదని తేల్చే) పరీక్షలన్నీ దాటాలి. విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో బయోమెటీరియల్ ల్యాబులున్నాయి కాబట్టి ఆ పరీక్షలకి రాష్ట్రం దాటక్కర్లేదు, కానీ ఫీజులు విద్యార్థి ప్రాజెక్టు బడ్జెట్‌లో ఇమడవు.

మీ చేతిలో ఒక్క సెమిస్టరే ఉంటే పూత, స్టెరిలైజేషన్ పూర్తిగా వదిలెయ్యండి. నుసి, పీహెచ్, పొటాషియం సరిచేసుకుని, ప్లాస్మాలో ఇండాక్సిల్ సల్ఫేట్ ఐసోథర్మ్ ఒకటి, 5 గ్రాముల కాలమ్‌లో రెండు గంటల బ్రేక్‌త్రూ వక్రం (కాలమ్ నిండి విషం బయటికి రావడం ఎప్పుడు మొదలవుతుందో చూపేది) ఒకటి తియ్యండి. అదే ప్లాస్మాలో క్రియాటినిన్ కూడా కొలిచి, మీ పాత 90% పక్కన పెట్టండి. జాఫే పద్ధతి (క్రియాటినిన్‌ని రంగుతో కొలిచేది) వద్దు, ఎంజైమ్ కిట్ వాడండి. నమూనాని సెంట్రిఫ్యూజ్ చెయ్యకుండా ఫోటోమీటర్‌లో పెట్టకండి.